తెల్లబడ్డ తీర్థం

భవానీపురంలో సూర్యప్రకాష్ గారి ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. సోడా మాస్టారి ఇల్లు అనండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గేటు దగ్గర వదిలి వెళతారు. అలాగని మా తాతయ్య జీవితంలో ఒక్క సోడా అమ్మింది లేదు. ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. అందులోనూ ఏ వాయువు ఏ ద్రవంలో ఎంత కరుగుతుంది, ఏ ద్రవం ఏ ద్రవంతో కలుస్తుంది, ఏది దేన్ని చూసి మొహం తిప్పుకుంటుంది అనే పాఠమంటే ఆయనకి ప్రాణం. ఉద్యోగం వదిలినా పాఠం వదల్లేదు. బి.ఫార్మసీ చదివే పిల్ల ఎవరైనా కంటపడితే చాలు, కృష్ణ ఒడ్డున ఘాటు రోడ్డులో రత్తయ్య గోళీసోడా బండి దగ్గరికి లాక్కెళతాడు.

"గోళీ నొక్కమ్మా" అంటాడు.

ఆ పిల్ల నొక్కుతుంది. సోడా బుస్సుమంటుంది.

"చూశావా? ఇందాకటి దాకా ఈ గ్యాసు ఎక్కడుంది? నీళ్లలోనే ఉంది, కనపడలేదు. పైనుంచి ఒత్తిడి పెట్టి ఇరికించారు గనక ఉంది. ఎంత ఒత్తిడి పెడితే అంత కరుగుద్ది. హెన్రీ నియమం అంటే ఇంతే. గోళీ జారింది, ఒత్తిడి పోయింది, గ్యాసు బయటపడింది. ఇదే బుడ్డిని ఎండలో పెట్టి గోళీ నొక్కు, ఇంకా దూకుద్ది. వేడి తగిలితే గ్యాసు నీళ్లలో నిలవదు."

ఆ పిల్ల తలూపుతూ ఉండగానే చిటికెడు ఉప్పు తీసి గ్లాసులో పడేస్తాడు. సోడా పొంగి పిల్ల చేతిమీద, చున్నీమీద పడుతుంది. ఉప్పు నీళ్లను తనవైపు లాక్కుంటుందనీ, అప్పుడు గ్యాసుకి చోటు చాలక బయటికి తోసుకొస్తుందనీ తాతయ్య ఉత్సాహంగా చెబుతాడు. ఆ పిల్ల వినదు. చున్నీ పిండుకుంటూ ఉంటుంది.

"మాస్టారండీ, పాఠం మీ ఇష్టమొచ్చినంత సేపు చెప్పుకోండి. గ్లాసులు మాత్రం పొంగించమాకండి. బండంతా తడిసిపోతంది" అని రత్తయ్య మొత్తుకుంటాడు.

రత్తయ్యకి తాతయ్యంటే ఇష్టం. ఇష్టం వెనక ఒక కథ ఉంది. రత్తయ్య తాగేవాడు. సాయంత్రం బండి మీద పట్టా కప్పిన తరువాత ఎవరి మాటా వినేవాడు కాదు. పొద్దున్నే చెయ్యి వణికి గోళీ నొక్కలేకపోయేవాడు, భార్య శ్రీదుర్గ నొక్కి ఇచ్చేది. మానేస్తానని పిల్లల మీద ఒట్టేశాడు, తన మీద ఒట్టేసుకున్నాడు. ఏ ఒట్టూ వారం దాటలేదు. చివరికి ఆ ఏడు కార్తీకంలో తాతయ్యే అతన్ని చెయ్యి పట్టుకుని పక్క వీధిలో ఉండే కాశీరావు దగ్గరికి తీసుకెళ్లాడు. కాశీరావు ఏటా భవానీ దీక్ష తీసుకునే మనిషి, ఆ కాలనీ భవానీలందరికీ గురుభవాని.

"మాల వేసుకో రత్తయ్యా. మనుషుల మీద వేసిన ఒట్టు నీ దగ్గర నిలవడం లేదు. అమ్మవారి మీద వేస్తే నిలుస్తుందేమో చూద్దాం" అన్నాడు తాతయ్య.

నిలిచింది. రత్తయ్య ఎర్రబట్టలు కట్టాడు. తెల్లవారకముందే కృష్ణలో మునిగి వచ్చేవాడు. చెయ్యి వణకడం తగ్గింది. బండి దగ్గర గోళీ తనే నొక్కి, ఆ శబ్దం విని తనే నవ్వుకునేవాడు. అది చూసినప్పుడల్లా తాతయ్య తన ప్రయోగమేదో బ్రహ్మాండంగా వచ్చినట్టు మురిసిపోయేవాడు. ఆ ప్రయోగాల పిచ్చే ఆయన కొంప ముంచింది.

కాలనీలో షామియానా వేసి కాశీరావు పీఠం పెట్టాడు. రోజూ పొద్దున పూజ, తరువాత తీర్థం. బిందెలో నీళ్లు, తులసి, నాలుగు చుక్కల యాలకుల నూనె. ఆ నూనె సీసా ఎవరో భక్తితో తెచ్చి ఇచ్చారు. వరసలో ముందు నిలబడ్డ అమ్మమ్మ ఛాయాదేవి తీర్థం నోట్లో పోసుకోగానే కళ్లలో నీళ్లు తిరిగి దగ్గింది. వరస చివర నిలబడ్డ తాతయ్యకి ఉత్త కుళాయి నీళ్లలాగా ఉంది.

ఇంకొకరైతే అక్కడితో మరిచిపోతారు. తాతయ్య ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, "ఇది అన్యాయం" అన్నాడు.

"ఏవిటండీ అన్యాయం?" అంది అమ్మమ్మ.

"నూనె నీళ్లలో కలవదు. పైన తేలుద్ది. ముందున్నవాళ్లకి నూనె, వెనకున్నవాళ్లకి నీళ్లు. అమ్మవారి దగ్గర కూడా ముందూ వెనకా తేడా ఏంటి?"

"గరిటె పెట్టి కలిపి పొయ్యమనండి, సరిపోద్ది."

"కలిపితే కాసేపే. మళ్లీ విడిపోద్ది. కరగాలి ఛాయా, కరగాలి!"

అమ్మమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. కరగాలి అన్న మాట ఆ ఇంట్లో వినపడిందంటే ఎవరూ అడ్డం రారు.

తాతయ్య వెళ్లి తనతో రోజూ వాకింగుకి వచ్చే హోమియో డాక్టరు దగ్గర చిన్న సీసాలో ఏదో పోయించుకొచ్చాడు. అందులో దారిలో కొన్న యాలకుల నూనె పోసి కుదిపాడు. నూనె మాయమైంది. సీసా తేటగా, అద్దంలా నిలిచింది. దాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూసుకుంటూ మురిసిపోయాడు.

"ఆ సీసాలోదేవిటండీ?" అంది అమ్మమ్మ వంటింట్లోంచి.

"ద్రావణి."

"అంటే?"

"నీళ్లకీ నూనెకీ పడదు కదా. ఇది రెండింటికీ చుట్టం. ఒక చెయ్యి నీళ్లకిస్తుంది, ఒక చెయ్యి నూనెకిస్తుంది. మధ్యవర్తి అనుకో."

అంతకుమించి ఆయన చెప్పలేదు. దాచాలని కాదు, ఆయనకే తోచలేదు. పాఠం చెప్పినన్నాళ్లూ దాన్ని ద్రావణి అని పిలిచీ పిలిచీ, దానికి బయట ఇంకో పేరుందన్న సంగతి ఆ బుర్రలోంచి జారిపోయింది. నీళ్లలో కలిపాక తేటగా రావాలంటే టాల్కు పొడి వేసి కుదిపి వడకట్టాలని పుస్తకంలో ఉంది. తీర్థంలో పొడి ఎందుకులే అని అదీ వదిలేశాడు.

మర్నాడు పొద్దున పూజ జరుగుతుండగా తెర వెనక బిందె దగ్గరికి వెళ్లి సీసా వంచాడు. చుక్క పడిన చోట నీళ్లలో తెల్లటి పొగలాంటిది లేచింది. ఇంకొంచెం పోశాడు. బిందె అంతా పాలలాగా తెల్లబడింది. నీళ్లు మరీ ఎక్కువైతే మధ్యవర్తి నీళ్లవైపే వెళ్లిపోతాడు, నూనె ఒంటరిగా చిన్న చిన్న బొట్లుగా విడిపోయి తెల్లగా కనపడుతుంది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పాడో! మధ్యవర్తిని పెంచితే మళ్లీ తేటపడాలి. అందుకని సీసాలో ఒక్క గుక్కెడు మిగిల్చి మొత్తం బిందెలో ఒంపేశాడు. తేటపడలేదు. బిందె ముందు ఆ సీసా ఏపాటి?

అప్పుడే కాశీరావు తెర తీశాడు.

"అయ్యో, తీర్థం చూడండే! పాలు! పాలండీ!" అని ముందు వరసలో ఎవరో కేకేశారు.

"అమ్మ పాలు పోసింది!"

"జై భవానీ!"

కాశీరావు బిందెలోకి చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. తాతయ్య రెండు చేతులూ పట్టుకుని, "మీరు ముట్టుకోగానే జరిగింది మాస్టారూ. మీరు ధన్యులు" అన్నాడు. ఎవరో తాతయ్య మెడలో పూలదండ వేశారు. ఒక ముసలావిడ వంగి కాళ్లకి దండం పెట్టింది.

తాతయ్య నోరు తెరిచాడు. "అదీ... ఏంటంటే..." అన్నాడు. మళ్లీ మూసేశాడు.

ఆ నిమిషాన ఆయన సిగ్గుపడింది దేనికో వింటే నవ్వొస్తుంది. ద్రావణం చెడిపోయినందుకు! ప్రాక్టికల్ పరీక్షలో ఏ కుర్రాడైనా ఇలాంటి తెల్లటి నీళ్లు తెచ్చి చూపిస్తే సింకులో పారబొయ్యమనేవాడు. అంత పేరున్న మాస్టారు ఇంత చిన్న పని చెడగొట్టాడని నలుగురిలో ఒప్పుకోలేక, దండ మెడలో వేసుకుని నిలబడ్డాడు. అమ్మమ్మ మాత్రం వరసలోంచి ఆయన్నే చూస్తోంది. ఆయన దొంగచూపులు ఆవిడకి కొత్త కాదు.

కాసేపట్లోనే పక్క వీధులవాళ్లు చెంబులు పట్టుకొచ్చారు. ఫోన్లలో ఫొటోలు తీశారు. పసిపిల్లలకి ఉద్ధరిణెతో పోశారు. రత్తయ్య వరసలో వచ్చి అరచేతిలో తీర్థం పట్టాడు, తాగాడు, కళ్లకి అద్దుకోబోయి ఆగిపోయాడు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. వరసలోంచి తప్పుకుని వెళ్లిపోయాడు. తాతయ్య చూశాడు గానీ, భక్తి ఎక్కువై వెళ్లాడనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం చేసి ఘాటు రోడ్డుకి వెళితే సోడా బండి మీద పట్టా కప్పి ఉంది. రత్తయ్య కింద మెట్ల మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు. మాల పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"ఏం భవానీ, బండి తియ్యలేదే?"

"ఇంక నన్ను భవానీ అనమాకండి మాస్టారండీ. ఇయ్యాల సాయంత్రం హారతవ్వగానే మాల తీసి గురుభవాని గారి చేతిలో పెట్టేత్తాను."

"ఏమైంది?"

"అందరికీ అమ్మ పాలిచ్చింది. నాకు..." రత్తయ్య మొహం నీళ్లవైపు తిప్పుకున్నాడు. "నాకు తీర్థంలో మందు వాసనొచ్చిందండీ. గొంతులోకి దిగగానే వెచ్చగా పాకింది. నాలిక లాగేసింది. అంత పవిత్రమైన తీర్థంలో నాకు సారా కనపడిందంటే నేనెంత పాపిష్టోణ్ణి? నా బుద్ధి మారలేదండీ. అమ్మ నన్ను తోసేసింది. ఇంకెందుకీ ఏషం?"

తాతయ్య రత్తయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ద్రావణి. మధ్యవర్తి. స్పిరిటు. సారా. ఇన్నాళ్లూ వేరు వేరు గదుల్లో ఉన్న ఆ మాటలన్నీ ఒక్కసారి ఒకే గదిలోకి వచ్చి ఆయన మొహంలోకి చూశాయి. తీర్థంలో మందు పోశాడు. దీక్షలో ఉన్నవాళ్ల చేత తాగించాడు. అందులోనూ, తనే చెయ్యి పట్టుకుని మాల వేయించిన రత్తయ్య చేత.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆయన నోటివెంట వచ్చింది వేరే మాట.

"యాలకుల ఘాటై ఉంటుందిలే రత్తయ్యా. జలుబు చేసిందేమో చూసుకో."

రత్తయ్య ఆయన మొహంలోకి చూసి జాలిగా నవ్వాడు. "నన్ను ఓదార్చడానికి అంటన్నారు. ఆ వాసన నాకు తెలీదా మాస్టారండీ?"

ఆ నవ్వు తట్టుకోలేక తాతయ్య లేచి వచ్చేశాడు. దారిలో పలకరించినవాళ్లు, "మాస్టారూ, పొద్దున మీ చేతి మహిమ!" అంటుంటే చెప్పుల వంక చూస్తూ నడిచాడు.

ఇంటికొచ్చి అమ్మమ్మతో అంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడకి తగిలించిన క్యాలెండరు వైపు చూశాడు గానీ ఆవిడ వైపు చూడలేదు.

"తీర్థంలో మందు పోశారా!" అంది అమ్మమ్మ.

"మందు కాదు, ద్రావ..." అని ఆగిపోయాడు. "మందే."

"నేనూ తాగానుగా. దగ్గు రాలేదనుకున్నానే గానీ..." ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో తెలియని గొంతుతో, "రత్తయ్యకి చెప్పారా?" అంది.

"లేదు. జలుబు చేసిందేమో అన్నాను."

అప్పుడు మాత్రం కోపమే. "అతనికి తన మీద తనకి ఇప్పుడిప్పుడే నమ్మకం కలుగుతోంది. దాన్ని మీరు జలుబు అన్నారా? బాగుంది! నాతో చెప్పారు, సరే. ఆ మాల నేనా తీసేది? వెళ్లి తీసేవాడితో చెప్పండి. అందరి ముందూ చెప్పండి. దండ అందరి ముందేగా వేయించుకున్నారు!"

సాయంత్రం హారతి వేళకి షామియానా నిండిపోయింది. పొద్దుటి కబురు విని ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. తాతయ్య జేబులో ఆ సీసా ఉంది. హారతి అయింది. గంట ఆగింది. రత్తయ్య ముందుకొచ్చి కాశీరావు ముందు మోకాళ్ల మీద కూర్చుని మెడలో మాల మీద చెయ్యి వేశాడు. వెనక శ్రీదుర్గ ఏడుస్తోంది, ఎందుకు తీస్తున్నాడో ఆవిడకి కూడా చెప్పలేదు.

"ఆగు రత్తయ్యా!" అన్నాడు తాతయ్య.

అందరూ తిరిగి చూశారు. మహిమ గల మాస్టారు కదా, దారిచ్చారు.

"పొద్దుట తీర్థం తెల్లబడింది మహిమ వల్ల కాదు. నేను ఒక సహద్రావణి వాడాను. సుగంధ తైలం ఆ సహద్రావణిలో సంపూర్ణంగా..."

"మాస్టారూ" అన్నాడు కాశీరావు, "మాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

తాతయ్య తల వంచుకున్నాడు. ఎంతమందికో పాఠం చెప్పిన గొంతు వెనక వరసకి కూడా వినపడనంత సన్నగా వచ్చింది.

"స్పిరిటు. సారా లాంటిదే కాశీరావు గారూ. అది నేనే పోశాను. నూనె కరగాలని పోశాను. అది మందన్న సంగతి నాకు తట్టలేదు. రత్తయ్యకొచ్చిన వాసన నిజం. అతని ముక్కు తప్పు చెప్పలేదు. మధ్యాహ్నం అడిగితే నేను తప్పు చెప్పాను."

ఎవరూ నమ్మలేదు. "ఛ, పాలండీ అవి! మేం కళ్లారా చూశాం!" అంది ముందు వరసలో ఒకావిడ. తాతయ్య గాజుగ్లాసులో మంచినీళ్లు అడిగి తీసుకుని, సీసాలో మిగిలిన ఆ గుక్కెడు అందులో ఒంపాడు. నీళ్లలో తెల్లటి పొగ లేచింది. గ్లాసు పాలలాగా తెల్లబడింది.

ఈ ప్రయోగం ఆయన తరగతిలో ఎన్నోసార్లు చేశాడు. నీళ్లు తెల్లబడగానే పిల్లల మొహాలు వెలిగేవి. ఇక్కడ అదే నీళ్లు అదే తెలుపులోకి తిరుగుతుంటే, ఆయన కళ్ల ముందే ఒక్కొక్క మొహం ఆరిపోయింది. చెంబు పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన చెంబు పైపంచె కింద దాచుకున్నాడు. కాళ్లకి దండం పెట్టిన ముసలావిడ తల పక్కకి తిప్పుకుంది. "చంటిదానికి కూడా పోశానండీ!" అని ఎవరో ఏడుపు గొంతుతో అన్నారు. చుక్కకి ఏం కాదని తాతయ్య చెప్పాడు. ఆయన మాట మీద ఆ పూట ఎవరికీ గురి లేదు.

రత్తయ్య ఒక్కడే లేచి ఆ గ్లాసు దగ్గరికి వచ్చాడు. వంగి వాసన చూశాడు. చప్పున వెనక్కి జరిగి, ఎర్రటి పైపంచెతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఇదేనండీ! ఇదే! దుర్గా, చూశావా, నేనేం పిచ్చోణ్ణి కాదే! అమ్మ నన్ను తొయ్యలేదే!" అని ఏడుస్తూ నవ్వాడు. అంతలోనే మొహం మారింది, చెయ్యి మళ్లీ మాల మీదికి వెళ్లింది. "కానీ గురుభవానీ... తాగాను గదా. మింగాను గదా. మరి నా దీక్ష?"

కాశీరావు రత్తయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "వాసన పట్టగానే భయపడి పారిపోయావు. మేమందరం లొట్టలేసుకుంటా తాగాం. ఎవరి దీక్ష గట్టిదో అమ్మకి తెలీదా? మాల మీంచి చెయ్యి తియ్యి భవానీ" అన్నాడు. తరువాత తాతయ్య వైపు తిరిగాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే తాతయ్యకి తేలికయ్యేది. "ఆ బిందె ఇంక పూజకి పనికిరాదు, తోమి శుద్ధి చేసిందాకా" అని మాత్రం అన్నాడు.

"నేను తోముతాను" అన్నాడు తాతయ్య.

తాగిన కాఫీ గ్లాసు ఎప్పుడూ టేబులు మీదే వదిలేసే మనిషి. పంచె ఎగగట్టి కుళాయి దగ్గర కూర్చుని చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమాడు. జనం ఆయన పక్కనుంచే ఇళ్లకి వెళ్లాలి. ఒక్కొక్కళ్లే వెళుతుంటే ఆయనకి కాళ్లు మాత్రం కనపడ్డాయి. పొద్దున ఆయన కాళ్లకి మొక్కినవాళ్ల కాళ్లు. ఎవరూ ఆగలేదు. నీళ్లలో కరిగిపోయే మార్గమేదైనా ఉంటే ఆయన ఆ క్షణాన కరిగిపోయేవాడు.

కొంచెంసేపటికి ఎర్రపంచె ఒకటి వచ్చి పక్కన ఆగింది. రత్తయ్య గొంతుక్కూర్చున్నాడు.

"అట్టా కాదండీ. అడుగున ఇంకా ఉంది. చెయ్యి లోపలిదాకా పెట్టండి."

"నువ్వు వెళ్లు రత్తయ్యా."

"ఎల్లను. వాసన పోయిందో లేదో మీకు తెలీదుగా. నేను చెప్పాలి."

తాతయ్య కడిగి బిందె ముందుకు జరిపాడు. రత్తయ్య అందులో తల పెట్టి గట్టిగా పీల్చి, తల అడ్డంగా ఊపాడు. తాతయ్య మళ్లీ చింతపండు తీసుకున్నాడు. మళ్లీ జరిపాడు. రత్తయ్య మళ్లీ తల ఊపాడు. అసలు వాసన ఎప్పుడో పోయిందనీ, ఊరికే తోమిస్తున్నాడనీ వెనక నిలబడ్డ అమ్మమ్మకి అర్థమైంది గానీ ఆవిడ చెప్పలేదు.

దీక్షలు విరమించేదాకా తాతయ్య రోజూ వరస చివర నిలబడి తీర్థం పుచ్చుకున్నాడు. తులసి ఆకులు, నలిపిన యాలక్కాయలు, ఉత్త నీళ్లు. కాశీరావు పోసేముందు గరిటెతో కలిపేవాడు. రత్తయ్య ఇరుముడితో అమ్మవారి కొండెక్కి మాల తీశాడు, ఒట్టు మాత్రం తియ్యలేదు. సోడా బండి మళ్లీ ఘాటు రోడ్డు మీద నిలబడింది.

తాతయ్య చాలాకాలం అటు వెళ్లలేదు. చివరికి ఒకరోజు వినీల అనే ఫార్మసీ పిల్ల ఇంటికే వచ్చి, ఒక ద్రవం ఇంకో ద్రవంలో కరిగే పాఠం అర్థం కావడం లేదు సార్ అంటే, తప్పక లేచాడు. బండి దగ్గర గోళీ నొక్కించాడు. గ్యాసు, ఒత్తిడి, వేడి చెప్పాడు. ఉప్పు వెయ్యలేదు. నూనె, నీళ్లు, మధ్యవర్తి దాకా వచ్చి ఆగాడు.

"దీనికి ఉదాహరణ ఏంటి సార్?" అంది వినీల.

తాతయ్య చెవులు ఎర్రబడ్డాయి. బండి మీద తడి గుడ్డ తీసుకుని, తుడిచిన చోటే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"చెప్పండి మాస్టారండీ" అన్నాడు రత్తయ్య, ఇంకో సోడాబుడ్డి గోళీ మీద వణకని బొటనవేలు ఆనించి. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"వద్దు" అన్నాడు తాతయ్య. గుడ్డ పక్కన పెట్టి, తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు. "ఒకసారి నేనేం చేశానంటేనమ్మా..."